పని మనది, అనుమానం దానిది

పోయినేడు అమెరికాలో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఓ సూపర్ మార్కెట్లో బిల్లు నేనే వేసుకున్నాను. పాలడబ్బా స్కాన్ చేసి సంచీలో పెట్టానో లేదో, ఏదో అనుకోని వస్తువు ఉందంటూ మిషను అరిచింది. అందరూ నావైపే చూశారు. ఏ తప్పూ చేయకుండానే చెమటలు పట్టాయి. సంచీ కింద తూకం ఉంటుందట. బరువులో తేడా వస్తే గోలే. నా హ్యాండ్‌బ్యాగు కూడా దానిమీదే పెట్టాను మరి!

ఇంటికొచ్చాక ఈ పద్ధతి కథేమిటా అని చదివాను. ఒకప్పుడు అక్కడా మన కిరాణాకొట్టు తీరే. అడిగినవి గుమాస్తా తీసిచ్చేవాడు. 1916 సెప్టెంబరు 6న మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' అనే కొట్టు తెరిచి, బుట్ట చేతికిచ్చి మీరే ఏరుకోండన్నాడు. అతనికి గుమాస్తాల జీతాలు మిగిలాయి. ఇల్లాళ్ళకు మాత్రం వస్తువు పట్టుకుని, ధర చూసి, నచ్చింది తీసుకునే వీలు దొరికింది.

1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ ఊళ్ళో, చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది నేటి తరహా బార్‌కోడ్‌ను దుకాణంలో స్కానర్ మొదటిసారి చదివింది. 1986లో అట్లాంటా దగ్గర ఓ దుకాణంలో స్కాన్ చేసే పని కూడా కొనేవాళ్ళకే అప్పగించి చూశారు.

మొదటిసారి పని అప్పజెప్పినప్పుడు మనకు ఎంపిక దక్కింది. రెండోసారి, క్యూ కాస్త తగ్గిందేమో గానీ, అనుమానం కూడా దక్కింది.

తిరిగొచ్చాక మా వీధి కొట్టుకెళ్తే, "ఇన్నాళ్ళూ కనబడలేదేంటమ్మా, ఒంట్లో బావుందా?" అన్నాడు కొట్టతను. ప్రాణం లేచొచ్చింది.