అమిలోబ్లాస్టోమా

అమ్రాబాద్ దిక్కు దవడను ‘దౌడ’ అంటారు. నొప్పి లేకుండా ఏళ్లతరబడి పెరిగే దౌడవాపు వెనుక ఒక్కోసారి ఈ అరుదైన కంతి ఉంటుంది.

1885లో ఫ్రెంచి వైద్యుడు మలాసే దీన్ని ‘అడమాంటినోమా’ అన్నాడు. వజ్రమంత గట్టిదని అర్థం. ఆ పేరు దీనికి నప్పలేదు. కంతి అంచున పొడవాటి కణాలు బారులు తీరతాయి, కేంద్రకాలు అడుగుపొరకు ఎడంగా జరుగుతాయి. పుట్టబోయే పంటికి ఎనామెల్ పోసే కణాల తీరే ఇది. కానీ ఇక్కడ ఎనామెల్ చుక్కయినా తయారవదు!

1930లో ఐవీ, చర్చిల్ పేరు మార్చారు: ‘అమెల్’ ఎనామెల్, గ్రీకు ‘బ్లాస్టోస్’ మొలక. గీకి వదిలేస్తే ఇది మళ్లీ మొలుస్తుంది. చుట్టూ కొంత ఎముకతో సహా తీయాలి. అచ్చంపేట దాటి అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల దాకా పోవాల్సివచ్చినా సరే, ముక్క పరీక్ష చేయించాల్సిందే.