జనప్రియ సంగీత అధ్యయనం: ఏ శాఖలో చోటు?

పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో సంగీతశాస్త్రం చాలాకాలం స్వరలిపిలో రాసిన సంగీతాన్నే ప్రధాన అధ్యయన వస్తువుగా భావించింది. రేడియోలో, రికార్డులపై జనం విన్న పాటలు ఆ పరిధిలోకి రాలేదు. 1941లో అడోర్నో రాసిన ప్రసిద్ధ వ్యాసం వాటిని ఒకే మూసలో తయారయ్యే సరుకుగా తేల్చింది. తీర్పు కఠినమే. అయినా తరువాతి పరిశోధకులు చాలామంది దానికి సమాధానం చెప్పుకోకుండా ముందుకు సాగలేకపోయారు.

ఈ పాటలకు విశ్వవిద్యాలయంలో చోటు కల్పించడంలో సంగీత శాఖల కన్నా సమాజశాస్త్రమే ముందుంది. అమెరికాలో 1971లో 'పాపులర్ మ్యూజిక్ అండ్ సొసైటీ' పత్రిక వెలువడింది. బ్రిటన్‌లో 1978లో సైమన్ ఫ్రిత్ 'ద సోషియాలజీ ఆఫ్ రాక్' ప్రచురించాడు. పరిశ్రమ, శ్రోతలు, యువజన సంస్కృతి చర్చకు వచ్చాయి గాని, వినిపించే నాదం వెనకబడింది.

ఆ లోటును సూటిగా ఎదుర్కొన్నవాడు ఫిలిప్ టాగ్. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1979 నాటి అతని సిద్ధాంతగ్రంథానికి వస్తువు 'కోజాక్' అనే టెలివిజన్ ధారావాహిక ప్రారంభ సంగీతం. నిడివి సుమారు 50 సెకన్లు. అంత చిన్న ముక్కపై ఒక గ్రంథమా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక స్వరగతి ఏ ఇతర సంగీతాలను గుర్తుకు తెస్తుందో అతడు వెతికాడు. రాగఖండాన్ని పలికే హార్న్ స్థానంలో మరో వాద్యాన్ని ఊహిస్తే, లేదా వేగం మారిస్తే, అర్థం ఎలా మారుతుందో పరిశీలించాడు. స్వరలిపికి అందని వాద్యధ్వనికి ఈ పద్ధతిలో సాక్ష్యం విలువ దక్కింది.

1981లో అంతర్జాతీయ జనప్రియ సంగీత అధ్యయన సంఘం ఏర్పడింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 'పాపులర్ మ్యూజిక్' పత్రికను ప్రారంభించింది. 1988లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక సంస్థ వెలసింది. వేదికలు ఏర్పడినా సమాజశాస్త్రజ్ఞుల, సంగీతజ్ఞుల భాషలు ఒకటి కాలేదు. రిచర్డ్ మిడిల్టన్ 1990 నాటి గ్రంథం ఆ రెంటినీ కలిపే గట్టి ప్రయత్నం.

ఇలాంటి చీలిక తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. ఇక్కడ పాట విశ్వవిద్యాలయంలోకి ముఖ్యంగా సాహిత్య శాఖల ద్వారా వచ్చింది. బిరుదురాజు రామరాజు మార్గదర్శక గ్రంథం పేరే 'తెలుగు జానపద గేయ సాహిత్యము'. అప్పట్లో పాటను ప్రవేశపెట్టడానికి అంతకన్నా అనువైన ద్వారం లేదేమో. సినిమా పాటపై పరిశోధన కూడా ఎక్కువగా కవిత్వం, ఛందస్సు, అలంకారాల చుట్టూ తిరిగింది. బాణీ, వాద్యగోష్ఠి, గాయకుల గొంతు చాలాచోట్ల ప్రశంసావాక్యాలకే పరిమితమయ్యాయి. సాహిత్యాన్ని పాటల పుస్తకం నుంచి ఉదాహరించవచ్చు. పల్లవికి ముందు మోగే వయొలిన్లను సిద్ధాంతగ్రంథంలో ఎలా ఉదాహరించాలన్నది టాగ్ ఎదుర్కొన్న ప్రశ్నే.