శ్రీపాద పినాకపాణి స్వరలేఖనంలో వైద్య దృష్టి: ఒక పరిశీలన

శ్రీపాద పినాకపాణి (1913–2013) మీద వచ్చిన వ్యాసాల్లో చాలావాటిది ఒకటే దారి. వృత్తి వైద్యం, ప్రవృత్తి సంగీతం అని మొదట్లోనే గీత గీసేస్తారు. కర్నూలు వైద్య కళాశాలలో ఆయన ఆచార్యత్వానికి ఒక వాక్యం, శిష్యపరంపరకు పేజీలకు పేజీలు. ఒక సదస్సులో నాకు ముందు మాట్లాడిన పరిశోధకులైతే, ఆసుపత్రి ఉద్యోగమే ఆయన సంగీతానికి అడ్డుపడిందనీ, అది లేకుంటే కచేరీ విద్వాంసుడిగా ఇంకెంతో ఎదిగేవారనీ తేల్చేశారు. ఈ అభిప్రాయంతోనే నాకు పేచీ. 1983లో సంగీత కళానిధి, మరుసటి ఏడు పద్మభూషణ్ అందుకున్న మనిషికి ఏం తక్కువైందని ఈ జాలి? ఆయన మనకు వదిలివెళ్లిన ఆస్తి తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలు. వాటిని రాసిన చెయ్యి వైద్యుడిది.

తోడి గాంధారాన్నే తీసుకుందాం. మామూలు పుస్తకాల్లో ‘గ’ అని ఒక్క అక్షరం వేసి వదిలేస్తారు. పాడేటప్పుడు ఆ గాంధారం ఒకచోట నిలవదు, రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. ఆ ఊపులో తగిలే అనుస్వరాలు కూడా కాగితం మీదికి రావాలన్నది పినాకపాణి పట్టుదల. వర్ణసాధనకు ఆయన అంత పెద్దపీట వేసిందీ అందుకే: గమకాన్ని విడదీసి, నిదానంగా, చూసుకుని నేర్వవచ్చు. వార్డులో రోగి పక్కన నిలబడ్డ వైద్యుడు చేసే పని ఏమిటి? ‘జ్వరం ఉంది’ అని రాస్తే కేసుషీటు కాదు. ఎంత ఉంది, ఎప్పుడు పెరిగింది, ఎంతసేపు నిలిచింది, అన్నీ రాయాలి. రాత్రి డ్యూటీకి వచ్చే డాక్టరు పగలు రోగిని చూసి ఉండడు, కాగితమే ఆయనకు ఆధారం. కృతిని గురుముఖతః వినని విద్యార్థి పరిస్థితీ అదే.

ఈ ఊహ నాకు పుస్తకాల్లో తట్టింది కాదు. రాయలసీమలోని తనకల్లు మండలంలో పౌరాణిక నాటకాల హార్మోనిస్టుల దగ్గర పాటల పుస్తకాలు సేకరిస్తుంటే, పశువైద్యశాలలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన తన పొడుగు లెక్కల పుస్తకం తెచ్చి ముందుంచారు. పద్యం పైన స్వరాలు; మార్జిన్లో తేదీ, ఆడిన ఊరు, వేషగాడి శ్రుతి; గొంతు ఎక్కడ జారిందో అక్కడ ఎర్రసిరాతో చిన్న గీత. మిగతావాళ్ల పుస్తకాల్లో ఉన్నది సాహిత్యం మాత్రమే. ఇదంతా ఎందుకు రాశారని అడిగితే, “రాసిపెట్టకపోతే రేపొచ్చేవానికి ఎట్ల తెల్సేది సార్?” అన్నారు. పశువులకు ఏ మందు ఎంత ఎక్కించిందీ రిజిస్టరులో ఎక్కించి ఎక్కించి వచ్చిన అలవాటది.

సంగీత విద్వాంసులు రంగరామానుజ అయ్యంగార్ వైద్యులు కాకున్నా ‘కృతిమణిమాలై’లో కృతులకు స్వరలేఖనం చేయలేదా అనవచ్చు. కానీ పినాకపాణికి ఆయన నుంచి అందింది స్ఫూర్తి, దాన్ని పద్ధతిగా మార్చింది ఆసుపత్రి.

ఇంకో మాట కూడా ధైర్యంగా అంటాను. వాన మొహం చాటేసే ఈ సీమలో, వేరుశనగ చేతికి రాని ఏడు నాటకానికి చందా ఎవరిస్తారు? ఇక్కడ కళను నిలబెట్టింది నెలజీతం తెచ్చిపెట్టే శాస్త్రవృత్తులే. జీతం వెన్నుదన్నుగా ఉన్నవాడు రసికుల చప్పట్ల కోసం గమకం కుదించనక్కర్లేదు. వృత్తి, ప్రవృత్తి అంటూ మనవాళ్లు విడదీసి చూపే ఆ రెండూ రాయలసీమలో ఎన్నడూ విడిగా బతకలేదు.

పరిశోధక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పినాకపాణిని సంగీత శాఖల సిలబస్‌కే పరిమితం చేయకండి, వైద్య కళాశాలల చరిత్రలోనూ ఆయన స్వరలేఖనం గురించి రాయండి. కదిరి నుంచి ములకలచెరువు దాకా రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లలో కాంపౌండర్లు, హెల్త్ అసిస్టెంట్లు రాసుకున్న పాటల పుస్తకాలను చెదలు పట్టకముందే సేకరించండి.