గిరి దగ్గరి మొక్క

ఇంజనీరింగ్‌లో స్టాటిస్టిక్స్ పేపర్‌కి బయాస్ నిర్వచనం బట్టీపట్టి రాశాను. అది మనిషి చేతిలో ఎలా దాక్కుంటుందో అర్థమైంది మాత్రం మన దేశంలో వరి దిగుబడిని లెక్కకట్టిన చరిత్ర చదివాకే.

బ్రిటిష్ కాలంలో పంట అంచనా అంటే ఎక్కువగా కంటిచూపే. మామూలు పంట పదహారణాలైతే ఈ ఏడు పన్నెండణాలు అని గ్రామోద్యోగి రాసేవాడు. 1920లలో బీహార్-ఒరిస్సాలో హబ్బక్ అనే ఐసీఎస్ అధికారి వేరే దారి పట్టాడు. యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల చిన్న త్రికోణపు చట్రం పెట్టి, లోపలి వరిని కోయించి తూకం వేయించాడు. తర్వాత బెంగాల్లో మహలనోబిస్ ఈ పనిని పెద్ద ఎత్తున చేశాడు. పైగా ఒకే ప్రాంతానికి రెండు బృందాల్ని విడివిడిగా పంపేవాడు. లెక్కలు కలవకపోతే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

మరి రెండు బృందాలూ ఒకేవైపు ఒరిగితే?

గిరి మీద నిలబడ్డ మొక్క లోపలిదా, బయటిదా? కోసేవాడి చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది. ఇందులో మోసమేమీ లేదు, అలవాటంతే. నాలుగడుగుల వ్యాసార్థం ఉన్న వలయంలో కొడవలి రెండంగుళాలు బయటికి పోయిందనుకుందాం. నేను వేసిన లెక్క ప్రకారం దిగుబడి దాదాపు 8.5 శాతం ఎక్కువ కనిపిస్తుంది. వలయం రెండడుగులదైతే 17 శాతం, పదహారడుగులదైతే 2 శాతమే. వలయం చిన్నదయ్యేకొద్దీ లోపలి నేలతో పోలిస్తే అంచు ఎక్కువ. పదివేల చోట్ల కోసినా ఈ తప్పు తగ్గదు. సగటు మరింత స్థిరంగా, మరింత ధీమాగా అదే తప్పు చెబుతుంది.

చిన్న కోతలు దిగుబడిని పెంచి చూపిస్తాయని 1946లో పి.వి. సుఖాత్మే నేచర్ పత్రికలో రాశాడు. కొంత పరిమాణం దాటితే చాలు, ఆ తేడాని పట్టించుకోనక్కర్లేదని మహలనోబిస్ పక్షం. ఇద్దరి వాదన చాలాకాలం సాగింది. నన్ను ఆకట్టుకున్నది ఎవరు గెలిచారన్నది కాదు, తప్పు బయటపడిన తీరు. అదే కొలతని మళ్ళీమళ్ళీ కొలిస్తే అది దొరకలేదు. కొలిచే చట్రం సైజు మార్చి చూస్తే దొరికింది.

ఇదంతా పాత గొడవ కాదు. ఫసల్ బీమాలో దిగుబడి ఎంత పడిపోయిందో తేల్చడానికి పంట కోత ప్రయోగాలు ఒక ముఖ్యమైన ఆధారం. తూకంలో దిగుబడి ఎక్కువ తేలితే పరిహారం తగ్గుతుంది. నష్టపోయిన రైతు చేలో, గిరి దగ్గరి మొక్కని ‘పోనీలే, ఇదీ లోపలిదే’ అనుకుని కోసిన చెయ్యి, ఆ రైతు నోటి దగ్గరి ముద్దని తీసేసినట్టే.