గుర్రము, మానవుల మోకాలి మృదులాస్థి

కీలులో ఎముకల చివరలను కప్పి ఉండే నునుపైన తెల్లని పొరను కీలు మృదులాస్థి అంటారు. గుర్రము, మానవుల మోకాళ్ళలో దీని నిర్మాణము చాలా వరకు ఒకే విధముగా ఉంటుంది. అందువలన మానవుల కీళ్ళ చికిత్సకు సంబంధించిన పరిశోధనలలో గుర్రమునకు ముఖ్య స్థానమున్నది.

గుర్రపు మోకాలు

గుర్రపు ముందు కాలి మధ్యన వంగే కీలును వాడుకలో మోకాలు అంటారు. శరీర నిర్మాణ శాస్త్రము ప్రకారము అది మానవుని మణికట్టుకు సమానము. మానవుని మోకాలికి సమానమైనది వెనుక కాలి పైభాగములో, పొట్టకు దగ్గరగా ఉన్న కీలు. దీనిని ఆంగ్లములో స్టైఫిల్ అంటారు.

పోలికలు

రెండింటిలోను తొడ ఎముక, జంఘికాస్థి, మోకాలి చిప్ప, రెండు నెలవంక ఆకారపు మెనిస్కస్‌లు ఉన్నాయి. మృదులాస్థిలో అధిక భాగము నీరే. రెండవ రకపు కొల్లాజెన్ పోగులు దానికి బిగువునిస్తాయి. ప్రోటియోగ్లైకానులు నీటిని పట్టి ఉంచి, ఒత్తిడిని తట్టుకొనే శక్తినిస్తాయి. మృదులాస్థిలో రక్తనాళములు, నాడులు ఉండవు. కణములకు పోషకములు ప్రధానముగా కీలులోని ద్రవము ద్వారా అందుతాయి. కావున దెబ్బతిన్న మృదులాస్థి తనంతట తాను సరిగా మానదు. ఈ విషయమును విలియం హంటర్ 1743లోనే ప్రస్తావించాడు.

భేదములు

* మందము: 2006లో ప్రచురితమైన ఒక తులనాత్మక అధ్యయనము ప్రకారము మానవుని మోకాలిలో సగటున 2.2 - 2.5 మి.మీ., గుర్రములో 1.75 - 2 మి.మీ.
* చిప్ప: మానవునిలో చిప్పను జంఘికాస్థికి కలిపే లిగమెంటు ఒకటే. గుర్రములో మూడు ఉంటాయి. వీటిలో లోపలివైపు లిగమెంటును తొడ ఎముక గట్టుపై తగిలించి, గుర్రము కాలిని బిగించుకొని నిలబడే కునుకు తీయగలదు.
* భంగిమ: నిలబడినపుడు మానవుని మోకాలు నిటారుగాను, గుర్రపు మోకాలు వంగియు ఉంటాయి.

పరిశోధనలలో ప్రాధాన్యత

గుర్రములకు కూడ ఆస్టియో ఆర్థ్రైటిస్ సహజముగా వస్తుంది. కీలు పెద్దదగుటచే ఆర్థ్రోస్కోపుతో పరీక్షించుట సులభము. ఎముకకు సన్నని రంధ్రములు చేసే మైక్రోఫ్రాక్చర్, రోగి స్వంత మృదులాస్థి కణములను పెంచి అమర్చే పద్ధతి గుర్రములపై కూడ పరీక్షింపబడినవి. రెండవ పద్ధతి మానవులలో ఇచ్చిన ఫలితములు 1994లో స్వీడన్ నుండి వెలువడినవి.

శస్త్రచికిత్స తరువాత మానవుడు ఊతకర్రల సాయముతో కాలిపై భారము తగ్గించుకొనగలడు. సుమారు 500 కిలోల గుర్రము మాత్రము వెంటనే లేచి నిలబడవలసినదే. కనుక గుర్రములో నిలిచిన చికిత్స కఠిన పరీక్షకు ఆగినట్లే. అయినను దాని ప్రయోజనము మానవులపై జరిపే పరీక్షలతోనే నిర్ధారణ కావలెను.