ఏడిపించేవాడు, ఏడ్చేవాడు, చూసేవాళ్ళు

"ఒక చేత్తో చప్పట్లు మోగుతాయా?" అని మనవాళ్ళకో సామెత. స్కూల్లో ఒకడు ఇంకొకడిని రోజూ ఏడిపిస్తున్నాడని కంప్లయింట్ వస్తే చాలామంది మాస్టార్లు ఈ సామెతతోనే తీర్పు చెప్పేస్తారు. ఇద్దరికీ చెరో దెబ్బ, ఒక షేక్‌హ్యాండ్, అంతే సంగతులు. నా మటుకు నాకు ఇంత అన్యాయమైన తీర్పు ఇంకోటి లేదనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే స్వీడన్ దాకా వెళ్ళాలి.

1969లో హైనెమన్ అనే స్వీడిష్ డాక్టరు, తన పెంపుడు కొడుకుని తోటి పిల్లలు ఏడిపించడం చూసి ఒక వ్యాసం రాశాడు. దానికి ఆయన వాడిన మాట 'మాబింగ్'. జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన కోన్రాడ్ లోరెంజ్ పుస్తకం నుంచి వచ్చిన మాట అది. పక్షులన్నీ గుంపుగా చేరి ఒక శత్రువు మీద పడతాయి చూడండి, అదన్నమాట.

డాన్ ఒల్వేయస్ అనే సైకాలజిస్టుకి ఈ పోలిక నచ్చలేదు. గుంపు అనేస్తే ఇక బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది కదా! స్టాక్‌హోమ్ పరిసరాల్లో వందలమంది మగపిల్లల్ని పరిశీలించి 1973లో పుస్తకం వేశాడు. చూస్తే, ముందుండి నడిపించేది ఒకరిద్దరే. బలయ్యేది కూడా చాలాసార్లు అదే పిల్లాడు, ఏళ్ళ తరబడి. సోడాబుడ్డి కళ్ళద్దాలో, జుట్టు రంగో కారణమన్న నమ్మకానికి ఆధారం దొరకలేదు. ఏడిపించేవాడు లోలోపల పిరికివాడన్న మాటా నిలబడలేదు.

ఆయన ఇచ్చిన నిర్వచనంలో మూడు ముక్కలున్నాయి: కావాలని చెయ్యడం, పదే పదే చెయ్యడం, ఇద్దరి మధ్యా బలంలో తేడా ఉండటం. ఈ మూడోదే అసలు కిటుకు. సమానుల మధ్య జరిగితే అది తగువు, దానికి రాజీ పనికొస్తుంది. ఇక్కడ రాజీ చేస్తే బలమున్నవాడే గెలుస్తాడు.

1982 చివర్లో ఉత్తర నార్వేలో 10-14 ఏళ్ళ పిల్లలు ముగ్గురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమై ఉండొచ్చని పేపర్లో వచ్చింది. దేశం కదిలింది. 1983లో ప్రభుత్వం దేశమంతటా స్కూళ్ళలో కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటి సర్వేలో దాదాపు 15% మంది పిల్లలు అటో ఇటో ఇందులో ఉన్నట్టు తేలింది. బెర్గెన్‌లో 42 స్కూళ్ళలో ఒల్వేయస్ పద్ధతి అమలు చేశారు: క్లాసులో స్పష్టమైన రూల్సు, ఇంటర్వెల్‌లో టీచర్ల కాపలా, ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడటం. రెండేళ్ళలో వేధింపులు సగానికి పైగా తగ్గాయని ఆయన లెక్క. తర్వాత వేరే దేశాల్లో అంత గొప్ప ఫలితాలు రాలేదు, అది కూడా చెప్పుకోవాలి.

1996లో ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి, ఆవిడ సహచరులు చుట్టూ ఉన్న పిల్లల్ని లెక్కలోకి తెచ్చారు. కొందరు చెయ్యి కలుపుతారు, కొందరు నవ్వుతారు, కొందరు తప్పుకుంటారు, కొద్దిమందే అడ్డుపడతారు. చప్పట్లు మోగించే రెండో చెయ్యి ఆ నవ్వే వాళ్ళదే!

మన ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. కానీ ర్యాగింగ్ అంటే మనకి కాలేజీయే గుర్తొస్తుంది. ఆరో క్లాసులో జరిగేదాన్ని ఇంకా 'పిల్లల అల్లరి' అనే అంటున్నాం.

మా అక్క కూతురు ఇప్పుడు మూడో క్లాసు. "నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా?" అని ఇంట్లో అందరం అడుగుతుంటాం. "మీ క్లాసులో ఎవర్నైనా ఏడిపిస్తున్నారా? అప్పుడు నువ్వేం చేస్తావ్?" అని కూడా అడగాలి కదా?