హెల్మెట్ కాపాడలేని వెన్నెముక

బ్రిటన్‌లో కంచెల మీదుగా గుర్రాలను దూకించే స్టీపుల్‌చేజ్ పందేల్లో జాకీ కిందపడటం మామూలు. దాదాపు 500 కిలోల గుర్రం మీద పడవచ్చు. వెనక నుంచి దూసుకొచ్చే గుర్రాల డెక్కలూ ప్రమాదమే. అయినా చాలాకాలం జాకీల తలమీద పట్టు టోపీ తప్ప గట్టి రక్షణ ఉండేది కాదు.

1923లో ప్రసిద్ధ స్టీపుల్‌చేజ్ పందెం గ్రాండ్ నేషనల్ గెలిచిన కెప్టెన్ టపీ బెనెట్ అదే ఏడాది డిసెంబరులో వుల్వర్‌హాంప్టన్‌లో జరిగిన పందెంలో పడిపోయాడు. గుర్రం డెక్క తలకు తగిలింది. 1924 జనవరిలో ప్రాణం పోయింది. ఆ తర్వాతే కంచెల పందేల్లో హెల్మెట్ తప్పనిసరైంది. అంత పేరున్న రౌతు చనిపోతే తప్ప ఆ నిబంధన రాకపోవడం బాధాకరం.

ఇప్పటి హెల్మెట్‌లో పైన గట్టి డిప్ప, లోపల నురుగు పొర ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు నురుగు నలిగిపోయి, తలకు చేరే తాకిడిని తగ్గిస్తుంది. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ మునుపటిలా పనిచేయదు. అందుకే పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్, పైకి చెక్కుచెదరకుండా కనిపించినా, పక్కన పెట్టేయాల్సిందే.

వెన్నెముకకు మాత్రం హెల్మెట్ ఏమీ చేయలేదు. 1963 డిసెంబరులో ఎయిన్‌ట్రీ పందేల మైదానంలో జాకీ టిమ్ బ్రుక్‌షా, 1964 గ్రాండ్ నేషనల్‌లో 'ది చెయిర్' అనే కంచె దగ్గర మరో జాకీ ప్యాడీ ఫారెల్ కిందపడి, నడుము విరిగి కాళ్లు కదపలేని స్థితికి చేరారు. ఫారెల్‌కు నలుగురు పిల్లలు. ఈ ఇద్దరి కోసం 1964లో మొదలైన విరాళాల సేకరణే గాయపడిన జాకీల సహాయనిధిగా ఎదిగింది. తానూ పందేల్లో స్వారీ చేసిన పత్రికా రచయిత జాన్ ఓక్సీ దానికి వెన్నుదన్నుగా నిలిచాడు.

తర్వాతి దశాబ్దాల్లో చొక్కా లోపల తొడుక్కునే నురుగు కవచం వచ్చింది. డెక్క దెబ్బల నుంచి పక్కటెముకలను అది కొంత కాపాడుతుంది. కానీ మెడ, వెన్ను మెలితిరిగితే ఆపలేదు. బరువు పెరగకూడని వృత్తి కావడంతో కవచాన్ని మందంగా చేసే వీలూ తక్కువే.

పైకి కనిపించని మెదడు దెబ్బను పట్టించుకోవడం ఇంకా ఆలస్యమైంది. ఇప్పుడు జాకీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే జ్ఞాపకశక్తిని, చురుకుదనాన్ని పరీక్షించి నమోదు చేస్తారు. తలకు దెబ్బ తగిలాక మళ్లీ పరీక్షించి, పాత ఫలితాలతో పోల్చి చూశాకే గుర్రమెక్కనిస్తారు. గాయపడినవారు కోలుకోవడానికి సహాయనిధి 2009లో లాంబోర్న్‌లో ఓక్సీ పేరిట పునరావాస కేంద్రం తెరిచింది.